లేచినోళ్ల లెక్క

“సుమారు ఇరవై శాతం ఉంటుంది మేడం,” అన్నాడు మా పీజీ విద్యార్థి, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

“సుమారు అంటే ఎవరికి సుమారు?” అన్నాను.

అన్నాక ఆగిపోయాను. ఆ మాట నాది కాదు. ఆ మాట అనే మనిషి పోయి అప్పటికి పదకొండు రోజులు. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. “అయ్యో, ఎప్పుడు, ఎలా” అని అందరూ అడిగేవే అడిగి పెట్టేశాను. ఇప్పుడు పాఠం మధ్యలో, పిల్లలు నోట్సు పట్టుకుని ఎదురుగా కూర్చుని ఉండగా వచ్చింది. “వెయ్యి కణాలు లెక్కపెట్టు. ఎంతసేపయినా పరవాలేదు,” అని చెప్పి బయటికి వచ్చేశాను.

జూబ్లీహిల్స్‌లో చెక్‌పోస్టుకు కాస్త ఎగువన, అంతకుముందు సినిమా షూటింగులకు అద్దెకిచ్చిన ఒక బంగళాలో ఉండేది మా లాబ్. హాల్లో వంపు తిరిగిన పెద్ద మెట్లు. ఎందరో హీరోయిన్లు పట్టుచీరలతో దిగొచ్చిన మెట్లట అవి. నేను చేరేనాటికి వాటి మీద రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు కూర్చునేవారు. హైటెక్ సిటీ వైపు నెలకో అద్దాల మేడ లేస్తున్న కాలం. నేను భీమవరం నుంచి వచ్చి, పాథాలజీ చదువు ముగించుకుని, మొదటి ఉద్యోగంలో చేరాను. ఆ మాట అనే ఆయన అక్కడ టెక్నీషియన్. ఆపరేషన్లలో తీసిన గడ్డల ముక్కల్ని మైనపు దిమ్మల్లో పెట్టి, పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగులు పట్టించి మా ముందు పెట్టడం ఆయన పని. అప్పటికి యాభై దాటి ఉంటాడు. బోరబండలో ఇల్లు.

మొదటి రోజు ఆయన్ని “ఏమండీ, ఆ స్లైడ్లు ఇటు ఇస్తారా?” అని పిలిచాను. మా వైపు అలవాటు. ఆయన అటూ ఇటూ చూసి, పిలిచింది తననేనని తెలుసుకుని నవ్వాడు.

“ఏమండీ అని మా ఇంటామె గూడ అనది మేడం. అన్నా అనున్రి, సరిపోతది.”

ఆయన నవ్వడం ఆ తర్వాత మూడు నాలుగుసార్లు చూసి ఉంటాను.

లాబ్‌కు రాకముందు ఆయన సినిమా రీళ్లు కడిగే లాబొరేటరీలో పదహారేళ్లు పనిచేశాడు. చీకటి గదిలో, తొట్లలో మందు కలిపి, నెగటివ్‌ను ముంచి తీసే పని. నీళ్ల వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే బొమ్మ పాడవుతుంది. ఆ పని తగ్గిపోయి బయటికొచ్చాక, ఎవరో చెప్తే మా లాబ్‌లో అటెండరుగా చేరి, చూసి చూసి మొత్తం నేర్చుకున్నాడు. మా దగ్గరా తొట్లే, మందులే, రంగులే. కొత్తగా చేరిన పిల్లలెవరైనా తొందరపడి స్లైడును నిమిషం ముందే తీసేస్తే గట్టిగా తిట్టేవాడు కాదు. “గాడ నెగటివ్ ఖరాబైతే హీరోయినును మల్ల పిలిచి ఏడిపిస్తుండ్రి. గీమె ముక్క మల్ల యాడికెల్లి తెస్తవు?” అనేవాడు. ఆ మాటకు వాళ్ల ముఖాలు చూడాలి.

రొమ్ము కాన్సరులో గడ్డ ఎంత జోరుగా పెరుగుతోందో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. కీ-67 అంటారు. చీలి రెండు కావడానికి పూనుకున్న కణాల్లో మాత్రమే ఉండే ఒక ప్రొటీనుకు రంగు పట్టిస్తాం. ఆ కణాలు గోధుమరంగులో కనిపిస్తాయి. ఊరుకున్నవి నీలంగా ఉంటాయి. నూటికి ఎన్ని గోధుమవో లెక్క చూడాలి. ఆ అంకె తక్కువైతే గడ్డ నెమ్మదైనదని, ఎక్కువైతే దూకుడుదని అర్థం. మా వంటి డాక్టర్లం చాలామంది స్లైడును ఒకసారి నాలుగు మూలలా చూసి, కంటి అంచనాతో ఒక అంకె వేసేసేవాళ్లం. అప్పట్లో దానికి గట్టి పద్ధతంటూ ఒకటి లేదు.

ఆయనకు మాత్రం ఉండేది. ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. స్లైడు ముట్టడానికి కడుక్కోవాల్సిన పనేమీ లేదు, అయినా కడుక్కునేవాడు. కాగితం మీద పేషెంటు పేరు ఉన్నచోట తన కళ్లద్దాల డబ్బా అడ్డం పెట్టేవాడు. ఎడమ కన్ను మూసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాడు. వంద అయినప్పుడల్లా ఒక చింతగింజ స్టీలు గిన్నెలో వేసేవాడు. పది గింజలైతే వెయ్యి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కోపగించుకోడు, జవాబూ చెప్పడు. గింజలన్నీ బయటికి తీసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ భయానికి ఆ గదిలో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

నీలం కణాలు ఆయన భాషలో పండుకున్నోళ్లు. గోధుమవి లేచినోళ్లు.

“ఈమెకాడ అందరు పండుకునే ఉన్నరు మేడం,” అంటే నాకు ప్రాణం కుదుటపడేది. “మస్తు మంది లేచిన్రు,” అన్న రోజున కాగితం మీద డబ్బా తీయడానికి ఆయనకే మనసొప్పేది కాదు.

రిపోర్టు కోసం వచ్చినవాళ్లు మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకునేవారు. తెల్లకోటు వేసుకున్న నన్ను అడగడానికి జంకు. “మంచిగుందా అన్నా?” అని మెల్లగా అడిగేవారు. ఆయన ఒక్కటే చెప్పేవాడు. “ఉన్నది ఉన్నట్లే కాగితంల ఉంటది. డాక్టరు సాబుకు చూపెట్టున్రి.” ఓదార్పుగా ఒక్క మాట కలిపేవాడు కాదు. ఒకామె నా ముందే, “రాతిమనిషి,” అని గొణుక్కుంటూ వెళ్లింది. ఆయన విన్నాడు. “ఇయ్యాల మంచిగుందంటే రేపు మంచిగ లేనోళ్లకు ఏం చెప్పాలె మేడం? మొఖం చూసి కనిపెడ్తరు,” అన్నాడు. అందుకని అందరి ముందూ ఒకే ముఖం పెట్టుకునేవాడు.

ఇక ఆ హాస్టలావిడ సంగతి చెప్పాలి. చెప్పకుండా ముగించగలిగితే బాగుండునని ఉంది.

ఆవిడది రాజమండ్రి దగ్గర ఊరు. భర్త లేడు. శ్రీనగర్ కాలనీలో ఒక మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలకు హాస్టల్ నడిపేది. నలభై అయిదేళ్లుంటాయి. రొమ్ములో చిన్న గడ్డ. ఆపరేషనయింది. చంకలోకి పాకలేదు, హార్మోను మాత్రలకు లొంగే రకమే. మాత్రలతో సరిపెట్టాలా, కీమో కూడా ఇవ్వాలా అన్నది ఆవిడ డాక్టరు తేల్చుకోలేక, కీ-67 చూసి చెబుతానన్నాడు. ఆ పరీక్ష మా దగ్గరికి వచ్చింది.

ఆవిడ మూడుసార్లు స్వయంగా వచ్చింది. మెట్ల మీద కూర్చోకుండా నేరుగా లోపలికి వచ్చి ఆయనతో మాట్లాడేది.

“ఇంకా అవ్వలేదాండీ?”

“రంగు పట్టాలె గదమ్మా. రేపు రాండ్రి.”

“కీమో అంటే ఆరు నెలలు మంచాన పడతానంటగా. మా వంటమనిషి వారం రోజులు నేను కనపడకపోతే చారులో నీళ్లు పోసేస్తుందండీ. పిల్లలు ఖాళీ చేసి పోతారు. మీరే కాస్త మంచి నంబరు వచ్చేలా చూడండి.”

ఆవిడ నవ్వుతూ అంది. ఆయన నవ్వలేదు. “మేం తెచ్చేది కాదమ్మా, ఆడ ఉన్నదే,” అన్నాడు.

ఆ స్లైడు నా ముందుకు వచ్చిన రోజున నా బల్ల మీద ఇంకా ముప్పై పైన ఉన్నాయి. మేనేజ్‌మెంటు వాళ్లు కొత్తగా గోడకు ఒక బోర్డు తగిలించారు. ఏ డాక్టరు ఏ రిపోర్టుకు ఎన్ని గంటలు తీసుకున్నాడో దాని మీద రాసేవారు. నా పేరు ఆ వారం అందరికంటే కింద ఉంది. నేను ఆ స్లైడు చూసింది రెండు నిమిషాలు. ఎక్కువ భాగం నీలం. పది శాతం అని రాసి టైపింగుకు పంపేశాను.

సాయంత్రం నాలుగింటికి ఆయన వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. చేతిలో తన నోటుబుక్కు.

“మేడం, గా హాస్టలామెది పది రాసిన్రా?”

“అవునన్నా.”

“పది లేదు మేడం. నేను పేరు చూడక ముందే లెక్కవెట్టిన. పైన కుడి మూలకు ఇరవై నాలుగు వస్తున్నది.”

“ఒక్క మూల చూసి చెప్పకూడదు. మొత్తం చూడాలి కదా.”

“మొత్తం చూసిన. అన్ని దిక్కులు కలిపినా పద్దెనిమిది. రెండు సార్లు వెట్టిన. జర ఇంకోపారి చూడున్రి.”

కీమో ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు గీసుకున్న గీతకు పది ఒకవైపు, పద్దెనిమిది ఇంకోవైపు. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. స్లైడు మళ్లీ తెప్పించి చూస్తే పావుగంట పట్టేది. వెయ్యి లెక్కపెట్టినా అరగంట. కాని ఆయన వచ్చి నిలబడిన తీరు, పక్క గదిలో టైపిస్టు వింటున్నాడన్న సంగతి, ఆ గోడ మీది బోర్డు, అన్నీ కలిసి నాకు పంతం పుట్టించాయి.

“అన్నా, సంతకం పెట్టేది నేను,” అన్నాను.

ఆయన నోటుబుక్కు మూసి, “సరే మేడం,” అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట తగ్గించాడేమీ లేదు. మర్నాడు ఎప్పటిలాగే పలకరించాడు. అదే నాకు ఇప్పటికీ ఎక్కువ బాధగా ఉంటుంది.

వారం తిరక్కుండా హాస్టలావిడ లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చింది. కీమో అక్కర్లేదన్నారట. మాత్రలు వేసుకుంటే చాలట. వచ్చే నెల పైనంతస్తుకు రంగులు వేయించి ఇంకో పన్నెండు మంచాలు వేస్తుందట. “మీది చల్లని చెయ్యండీ డాక్టర్ గారూ,” అని నా నోట్లో లడ్డూ పెట్టింది. తిన్నాను. ఆయన చేతిలోనూ ఒకటి పెట్టింది. ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

“తినండీ. షుగరేమైనా ఉందా?”

“లేదమ్మా. తర్వాత తింట.”

ఆవిడ వెళ్లాక దాన్ని కాగితంలో చుట్టి కిటికీ గట్టు మీద పెట్టాడు. సాయంత్రానికి చీమలు పట్టాయి. తీసి బయట పారేసి, చేతులు కడుక్కున్నాడు.

ఆ రాత్రే ఆ రిపోర్టును సరిదిద్ది ఉండవచ్చు. మర్నాడైనా ఫోను చేసి, పొరపాటయింది, మళ్లీ చూశాం అని చెప్పి ఉండవచ్చు. నేనేం చేశానంటే, ఆ స్లైడును ఒంటరిగా తీసి చూశాను. పదిహేడు వచ్చింది నాకు. లెక్కపెడుతూ పెడుతూ అనుమానమున్న కణాలను నీలంలోకే వేసుకున్నాను, అయినా పదిహేడు. స్లైడును పెట్టెలో పెట్టి మూసేశాను. మొత్తంలో చూడాలా, దట్టంగా ఉన్నచోట చూడాలా అన్నది పెద్ద పెద్దవాళ్లకే తేలలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. మొత్తంలో చూసినా పది కాదన్న సంగతి మాత్రం పక్కకు నెట్టాను.

మూడేళ్లు నిండకుండానే ఆవిడ మళ్లీ వచ్చింది. గుర్తుపట్టలేదు నేను. చెల్లెలి భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతోంది. నడుంనొప్పి అని మాత్రలు మింగుతూ వచ్చిందట. స్కానింగులో వెన్నెముక, కాలేయం రెండింట్లోనూ కాన్సరు కనబడింది. పెద్దాసుపత్రివాళ్లు పాత దిమ్మలూ స్లైడ్లూ తెమ్మన్నారు. అవి వెతికి ఇవ్వాల్సింది ఆయనే.

ఆయన స్టోరులోంచి దిమ్మ తెచ్చి, దూదిలో చుట్టి, కవరులో పెట్టి, పైన నంబరు రాశాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ముందుకు వెళ్లి పలకరించాలని అడుగు వేయబోయి ఆగిపోయాను. 

ఆవిడ కవరు అందుకుని అడిగింది. “అప్పుడా నంబరు సరిగ్గానే చూశారాండీ? ఏమీ అనుకోకండి. రాత్రిళ్లు నిద్రపట్టక ఏవేవో అనిపిస్తుంటాయి. అందుకని అడుగుతున్నాను.”

 ఆయన వెనక సొరుగులోనే ఉంది ఆ నోటుబుక్కు. తేదీ వేసి, పైమూల ఇరవై నాలుగు, మొత్తం పద్దెనిమిది అని రాసుకున్న పేజీ అందులోనే ఉంది. ఉన్నది ఉన్నట్లు చెప్పడం తప్ప ఆ మనిషి ఇంకో మాట చెప్పగా నేను వినలేదు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను చూపు దించుకున్నాను.

“సరిగ్గనే చూసినమమ్మా,” అన్నాడు. “మేడమే కూసోని చూసిన్రు.”

“అయితే నా రాతేనన్నమాట,” అంది ఆవిడ. కోపంగా కాదు, కాస్త తేలికపడ్డట్టుగా. చెల్లెలితో, “పదవే, ఆటో వెయిటింగులో ఉంది,” అని మెల్లగా మెట్లు దిగింది.

పెద్దాసుపత్రిలో ఆ పాత స్లైడు మళ్లీ చూశారో లేదో నాకు తెలీదు. నన్నెవరూ అడగలేదు. వానలు మొదలయ్యే లోపు ఆవిడ చనిపోయింది. శ్రీనగర్ కాలనీలో ఆ ఇంటి ముందు ఇంకెవరిదో హాస్టల్ బోర్డు వచ్చింది.

ఆవిడ దిమ్మ తీసుకెళ్లిన మర్నాడే ఆయన మేనేజరును కలిసి, తనకిక మైక్రోస్కోపు పని వద్దని, కోత పని ఒక్కటే చేస్తానని చెప్పాడు. కారణం అడిగితే, “కండ్లు కనవడ్తలేవు సార్,” అన్నాడట. కోత పని అంటే మైనపు దిమ్మను వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పల్చగా కోసి, ఆ పొర చిరగకుండా నీళ్ల మీద తేల్చి పట్టుకోవడం. ఆ పని ఆయనంత శుభ్రంగా చేసేవాళ్లు నగరంలో ఇంకొకరు లేరు. ఆయన కళ్లకేమీ కాలేదు. స్టీలు గిన్నె కొన్నాళ్లు ఆ బల్ల మీదే ఉండి, తర్వాత ఎవరో టీ గ్లాసులు పెట్టుకోవడానికి తీసుకుపోయారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి అడిగాను. “ఎందుకన్నా అలా చెప్పారు?”

పొర తేలుతున్న నీళ్ల మీంచి కళ్లు తిప్పలేదు. “పొయ్యేటామెకు నంబరెందుకు మేడం? మీరైతే రేపు మల్ల వచ్చి కూసోవాలె గదా గా కుర్చీల.”

“నేను తప్పు చేశాను.”

“మందు వెట్టినా గిట్లనే అవుతుండెనేమో. ఎవరికెరుక.” పొరను స్లైడు మీదికి ఎత్తుకుని, “గని పది లేకుండె,” అన్నాడు.

ఆ తర్వాత మా మధ్య ఆ ఊసు రాలేదు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ప్రతి స్లైడూ వెయ్యి. బోర్డు మీద నా పేరు అడుగునే ఉండిపోయింది. ఒక్కోసారి సందేహం వచ్చి, “అన్నా, ఇదొక్కటి చూస్తారా?” అని పిలిచేదాన్ని. “మీరే చూడున్రి మేడం,” అని తన పనిలోకి తలవంచేవాడు. ఒక్కసారి కూడా వచ్చి కన్ను పెట్టలేదు. మనుషులు మెట్ల మీద పట్టుకుని అడిగితే ఇదివరకటిలా జవాబు చెప్పడమూ మానేశాడు. వేరే దారిన, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయేవాడు.

తర్వాత లాబ్‌ను ఎవరో కొన్నారు. కణాలను కంప్యూటరు లెక్కపెట్టే సాఫ్ట్‌వేరు వచ్చింది. నేను బోధన వైపు వెళ్లిపోయాను. ఆయనా మానేశాడని విన్నాను. పండగలకు ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి, “మంచిది మేడం,” అని పెట్టేసేవాడు.

పాఠంలోంచి లేచి వచ్చాక, ఆ వారం ఆదివారమే బోరబండ వెళ్లాను. రైల్వే స్టేషను దాటి, గుట్ట మీదికి ఎక్కే సందుల్లో రెండు చోట్ల అడిగితే ఇల్లు చూపించారు. రెండు గదులు. గోడకు ఆయన ఫోటో, దండ. గుండె ఆగిపోయిందట, తెల్లారి చూసేసరికి. ఆయన భార్య నన్ను అంతకుముందు ఒక్కసారే చూసింది, అయినా పేరు చెప్పకుండానే గుర్తుపట్టింది. కుర్చీ వేసి, టీ పెట్టి తెచ్చింది.

“మీ గురించి చెప్తుండె డాక్టరమ్మా,” అంది నేల మీద కూర్చుంటూ. “లాబ్ ముచ్చట్లు ఇంట్ల చెప్పే మనిషి గాదు. ఎవరి రోగం ఎవరికి చెప్పొద్దంటుండె. మీ ముచ్చటొక్కటే చెప్తుండె. మా మేడం చేతుల వడ్డ స్లైడుకు ఫికర్ లేదు, ఒక్కటొక్కటి లెక్కవెడ్తది అనేటోడు.”

టీ గ్లాసు వేడిగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన ఆ మాట అన్నది ఎప్పుడో అడగాలనిపించింది. హాస్టలావిడకు ముందా, తర్వాతా? తర్వాత అయితే అది నిజమే కావచ్చు. ముందే అయితే, ఆయన నన్ను నమ్మి అన్న మాట అది. లేకపోతే నా కోసం బయట చెప్పిన అబద్ధాన్నే ఇంట్లో కూడా చెబుతూ వచ్చాడేమో.

“చక్కెర సరిపోయిందా అమ్మా?” అని ఆమె అడిగింది.

సరిపోయిందన్నాను. ఏమీ అడగలేదు, అది తప్ప ఇంకేమీ చెప్పలేదు.